బిల్డింగ్ బయట వేలాడే ఇంటర్నెట్ వైరు సంగతి

ఒక్కసారి మీరు పనిచేసే షాపో ఆఫీసో, ఆ బిల్డింగ్ బయటికొచ్చి పైకి చూడండి. స్తంభం నుంచి నల్లటి వైర్లు గుత్తులుగా వేలాడుతున్నాయా? మీ యూపీఐ, సీసీ కెమెరా, బిల్లింగ్ అన్నీ అందులో ఒక సన్నటి వైరు మీదే నడుస్తున్నాయి.

మా అన్నయ్యకి విజయవాడలో ఓ కాంప్లెక్స్ మొదటి అంతస్తులో బ్లడ్ టెస్టుల ల్యాబ్ ఉంది. పోయిన వానాకాలం ఓ పొద్దున్నే నెట్ పోయింది. జనం రిపోర్టుల కోసం కూర్చుని ఉన్నారు, డాక్టర్లకి పంపుదామంటే వెళ్ళట్లేదు. తీరా చూస్తే ఏముంది! ఫ్లెక్సీ కట్టినవాళ్ళు తాడు తీసుకెళ్ళి ఫైబర్ కేబుల్‌కే కట్టేశారు. రాత్రి గాలికి ఫ్లెక్సీ ఊగింది, కేబుల్ తెగింది. ఇంకో విషయం కూడా అప్పుడే బయటపడింది. వైరు లోపలికొచ్చే కన్నం దగ్గర గోడంతా చెమ్మ, సరిగ్గా దాని కిందే రౌటర్.

ఎందుకంటే నీళ్ళు వైరు పట్టుకుని జారుకుంటూ వచ్చేస్తాయి. దీనికి మందు చాలా సింపుల్. కన్నంలోకి వెళ్ళే ముందు వైరుని కొంచెం కిందికి వంచి, మళ్ళీ పైకి తీసుకెళ్ళాలి. ఆ వంపు దగ్గరే నీటిబొట్టు రాలిపోతుంది. కన్నం బయటివైపుకి వాలుగా ఉండాలి, చుట్టూ సిలికాన్ పెట్టాలి. బయట డబ్బా ఉంటే వైర్లు దాని అడుగునుంచే వెళ్ళాలి, పైనుంచి కాదు. కంపెనీవాళ్ళ డబ్బా అయితే మీరు తెరవొద్దు, వాళ్ళ టెక్నీషియన్‌తోనే చేయించండి.

గోడ మీద వైరుని మేకులతో వంచి కొట్టేస్తారు చూడండి, నాకు అది చూస్తే ఒళ్ళు మండుతుంది. ఫైబర్ లోపల ఉండేది గాజు అండీ! మిగిలిన వైరుని చుట్ట చుడితే చేతిగాజు సైజుకన్నా చిన్నగా చుట్టొద్దు. పైపులో వేయండి, అదీ ఎండకి తట్టుకునే రకం. మామూలు పీవీసీ మన ఎండలకి కొన్నేళ్ళలో పెళుసైపోతుంది. బండ్లు, నిచ్చెనలు తగిలే ఎత్తువరకు జీఐ పైపు బెటర్. పైపు చివర్లు మూసేస్తే ఎలకలు దూరవు. లాన్ కేబుల్ కూడా అంతే, ఇంట్లో వాడే రకం బయట లాగితే పైతొడుగు పగిలిపోతుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. స్తంభం నుంచి వచ్చే ఫైబర్ కేబుల్స్‌లో చాలావాటికి బరువు మోయడానికి పక్కనే ఓ స్టీల్ తీగ ఉంటుంది. గాజులో కరెంటు పారదు, స్టీల్‌లో పారుతుంది. పైన కరెంటు తీగకి తగిలిందా, అది మీ గోడదాకా వచ్చేస్తుంది. అందుకే ఆ తీగని బయట క్లాంప్‌కే బిగించి, అక్కడే ఆపేయాలి, లోపలికి తేకూడదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు, గుర్తుందా? ఆ తర్వాత సిటీలో స్తంభాల మీది కేబుళ్ళు తీసేశారు, చాలామందికి నెట్ పోయింది. జనానికి కోపమొచ్చింది గానీ, ఆ గుత్తుల్లో ఏది ఎవరిదో చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది?

కాబట్టి తెగి వేలాడుతున్న వైరుని "ఇంటర్నెట్‌దేలే" అని చేత్తో పట్టుకోవద్దు. కరెంటు తీగకి ఆనుకుని ఉంటే 1912కి ఫోన్ చేయండి, అవతలివాళ్ళని దగ్గరికి రానివ్వకండి. తెగిన ఫైబర్ చివర కంటికి దగ్గరగా పెట్టి చూడొద్దు, అందులో వచ్చే వెలుగు కనిపించదు గానీ కంటికి మంచిది కాదు. రెండు బిల్డింగుల మధ్య డాబా మీదుగా రాగి లాన్ కేబుల్ లాగినవాళ్ళుంటే, పిడుగు దగ్గర్లో పడినా చాలు, రెండువైపులా స్విచ్‌లు పోతాయి. అక్కడ ఫైబర్ వేయించుకోండి.

మా అన్నయ్య ఇప్పుడు వైరుకి జీఐ పైపు వేయించాడు, రౌటర్‌ని ఎదురుగోడకి మార్చాడు. ఫ్లెక్సీవాళ్ళ కోసం వాచ్‌మన్ చేత రెండు ఇనప కొక్కేలు కొట్టించాడు. మొన్న పండక్కి వచ్చి చక్కగా వాటికే కట్టుకుని వెళ్ళారట.