బొగ్గుల స్మోకర్‌లో టెంపరేచర్ కంట్రోల్: మంటని వదిలేయండి, గాలిని పట్టుకోండి

ముదినేపల్లి నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. స్మోకర్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరి బాధా ఒక్కటే: "బ్రో, పైన మాడిపోతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. వేడి చేతికి చిక్కట్లేదు." కూరలో ఉప్పు ఎక్కువైతే ఎలాగోలా సర్దుకోవచ్చు. మటన్ తొడ మొత్తం కొనుక్కొచ్చి స్మోకర్‌లో పెట్టాక మాత్రం అన్‌డూ బటన్ ఉండదు. అందుకే ఈరోజు మసాలా గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడను. ఓన్లీ టెంపరేచర్.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. వేడిని డిసైడ్ చేసేది ఎన్ని బొగ్గులు వేశామన్నది కాదు, వాటికి ఎంత గాలి అందుతోందన్నది. చెరువుల వాళ్లకి ఇది ఈజీగా ఎక్కుతుంది. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య నీరసపడుతుంది, అందుకే రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారు. బొగ్గూ అంతే, ఆక్సిజన్ అందినంతే కాలుతుంది. మన ఊళ్లలో దాలి చూసే ఉంటారు. పిడకలు రాజేసి పాలకుండ పెడితే, సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి మీగడ దళసరిగా కడుతుంది. అక్కడ ఎవరూ మంట ఊదరు. పిడక మీద బూడిద కప్పేసి ఉంటుంది, గాలి తక్కువ తగులుతుంది, నిదానంగా కాలుతుంది. నివురు గప్పిన నిప్పు అంటాం చూడండి, స్మోకర్‌లో మనకి కావాల్సింది అక్షరాలా అదే.

ఇప్పుడు టార్గెట్ ఎంత? 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్. అమెరికా వీడియోల్లో 225 అంటారు, అది ఫారెన్‌హీట్ అండి! మన లెక్కలో 107. అది చూసి సెల్సియస్‌లో 225 పెట్టారంటే మీ కోడి బొగ్గయిపోతుంది.

మూతకి ఉండే డయల్‌ని గుడ్డిగా నమ్మొద్దు. అది చెప్పేది మూత దగ్గర వేడి, మాంసం ఉండేది జాలీ మీద. ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. కొన్నాక మరిగే నీళ్లలో ముంచి చూడండి. మనం దాదాపు సముద్రమట్టానికే ఉన్నాం కాబట్టి 100కి దగ్గరగా చూపించాలి.

నిప్పు రాజేసే పద్ధతి చూద్దాం. బొగ్గులన్నీ ఒకేసారి అంటించొద్దు. బుట్ట నిండా అంటించని బొగ్గులు పోసి, మధ్యలో చిన్న గుంట చేసి, బాగా ఎర్రబడిన బొగ్గులు పది పన్నెండు అందులో పెట్టండి. నిప్పు పక్క బొగ్గుకి మెల్లగా పాకుతుంది, గంటల తరబడి వేడి నిలబడుతుంది. దీన్ని మినియన్ మెథడ్ అంటారు. బొగ్గుల పొడి ముందే జల్లించి తీసేయండి, గాలి దారికి అడ్డం పడుతుంది. వానాకాలంలో బొగ్గు చెమ్మ పీలుస్తుంది, ఒకరోజు ఎండలో పోయండి. డీజిల్, కిరసనాయిలు పోసి అంటించారా, ఆ వాసన ముక్కకి పట్టేస్తుంది.

ఇక అసలు కంట్రోల్. పై కన్నం పూర్తిగా తెరిచే ఉంచండి. అది మూస్తే పొగ లోపలే మగ్గి, ముక్క చేదెక్కుతుంది. తిప్పాల్సింది కింద కన్నం. వేడి 95కి రాగానే దాన్ని సగం మూయడం మొదలుపెట్టండి, 120 దాకా ఆగొద్దు. ఎందుకంటే వేడి పెంచడం ఈజీ, దించడమే కష్టం. అంటుకున్న బొగ్గు ఆరడానికి చాలా టైం పడుతుంది. ఒకసారి కొంచెం తిప్పండి, పదిహేను నిమిషాలు ఆగండి, అప్పుడు మళ్లీ చూడండి. సర్వర్ స్లోగా ఉందని రిఫ్రెష్ పదిసార్లు కొడితే ఏమవుతుంది? ఇంకా జామ్ అవుతుంది. ఇదీ అంతే. ఐదు నిమిషాలకోసారి తిప్పితే వేడి ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది.

మాటిమాటికీ మూత తీయకండి. లోపలి వేడి పోతుంది, అదే టైంలో గాలి దూసుకెళ్లి నిప్పు రాజుకుంటుంది, మూత పెట్టాక వేడి ఎగబాకుతుంది. కింద కన్నం తెరిచే ఉన్నా నాలుగైదు గంటలకి వేడి పడిపోతోందంటే, చాలాసార్లు బూడిద అడ్డుపడినట్టు. బుట్టని కాస్త కదిలించండి. కొల్లేరు వైపు నుంచి ఈదురుగాలి కొడుతుంటే కన్నానికి అడ్డంగా రెండు ఇటుకలు పెట్టండి.

మామిడి చెక్కో జామ చెక్కో రెండు ముక్కలు చాలు. దట్టంగా తెల్ల పొగ వస్తుంటే మాంసం పెట్టొద్దు. పల్చగా, నీలంగా కనపడీ కనపడనట్టు వచ్చాకే పెట్టండి.

పెద్ద ముక్క పెడితే లోపలి టెంపరేచర్ 65, 70 దగ్గర గంటల తరబడి కదలదు. కంగారుపడి బొగ్గులు పోయకండి. మాంసం చెమట పడుతోంది, ఆ తడి ఆవిరవుతూ చల్లబరుస్తోంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇందుకే. తడి తగ్గాక అదే కదులుతుంది. కోడికి లోపల 74 రావాలి. బొచ్చె, శీలావతి లాంటి చేపకి 63 చాలు. మటన్ తొడ మెత్తగా ఊడి రావాలంటే 90 దాటనివ్వండి.

లాస్ట్‌లో రెండు సీరియస్ విషయాలు. మన ఏరియాలో ఖాళీ డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. చెరువు మందులు, కెమికల్స్ పోసిన డ్రమ్ముతో మాత్రం స్మోకర్ చేయొద్దు, కడిగినా సరే. జింకు పూత ఉన్న రేకు కూడా వద్దు, బాగా కాలితే వచ్చే పొగ మంచిది కాదు. రెండోది, వాన పడుతోందని స్మోకర్‌ని గదిలోకో, షట్టర్ మూసిన షెడ్డులోకో లాగొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, మనిషి ప్రాణం తీస్తుంది. పని అయిపోయినా సరే, కన్నాలన్నీ మూసి, పూర్తిగా చల్లారేదాకా బయటే ఉంచండి. గాలి అందక నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు ఇంకోసారికి పనికొస్తుంది.

ఫస్ట్ టైం మటన్ జోలికి పోకండి. ఏమీ పెట్టకుండా ఖాళీ స్మోకర్‌ని రెండు గంటలు 115 దగ్గర నిలబెట్టి చూడండి. కన్నం ఎంత తెరిస్తే ఎంత వేడో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ స్మోకర్‌కి మాన్యువల్. తర్వాత ఒక కోడితో మొదలుపెట్టండి. వీడియో నచ్చితే లైక్ కొట్టి, డ్రమ్ము కోసం తిరుగుతున్న ఫ్రెండ్‌కి ముందు షేర్ చేయండి. ఉంటానండి, బై.