మనవల కంటిపాపలో తెల్లని మెరుపు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభుత్వాసుపత్రులలో కంటి వైద్యుడిగా చేసి రిటైరైనవాణ్ణి గనుక శుక్లాల గురించి చెబుతానని కార్యదర్శిగారు అనుకొని ఉంటారు. శుక్లాల సంగతి మీలో సగంమందికి నాకన్నా బాగా అనుభవమే. నేను చెప్పదలచింది మన మనవలు, మనవరాళ్ళ కళ్ళ గురించి.

రెటినోబ్లాస్టోమా అని ఒక కంటి క్యాన్సర్ ఉంది. పుట్టిన 15 వేల నుంచి 20 వేల మంది పిల్లలలో ఒకరికి వస్తుంది. దాదాపు అందరిలోనూ 5 ఏళ్ళలోపే బయటపడుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, పిల్ల ఏడవదు. నల్లగా ఉండవలసిన కంటిపాప ఒక పక్కనుంచి చూస్తే పిల్లికన్నులా తెల్లగా మెరుస్తుంది. ఫ్లాష్ ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా పడవచ్చు. కొందరికి మెల్లకన్ను వస్తుంది. మెల్లకన్ను అదృష్టమంటారు మనవాళ్ళు. ఆ మాట నమ్మి నెలలు పోగొట్టుకున్నవారిని చూశాను.

1994లో ఒక నాయనమ్మగారు ఏడాదిన్నర పాపను తీసుకొచ్చారు. దీపాలు పెట్టే వేళ ఒళ్ళో పడుకోబెట్టుకుంటే ఎడమకన్ను మెరిసిందట. ఇంట్లో ఎవరూ నమ్మలేదట. పాపకు మత్తు ఇచ్చి, చుక్కలు వేసి చూశాను. లోపల సున్నపు ముద్దలాంటి గడ్డ. అల్ట్రాసౌండ్‌లో కాల్షియం రేణువులు కనిపించాయి. తక్కిన క్యాన్సర్లలో లాగా ముక్క తీసి పరీక్షకు పంపడం ఇక్కడ పనికిరాదు. సూది గుచ్చిన దారినే జబ్బు కంటి బయటకు పాకవచ్చు. కుడికన్ను శుభ్రంగా ఉంది.

గడ్డ కన్నంతా నిండింది గనుక కన్ను తీసేయాలన్నాను. "ఆడపిల్లండీ, రేపు పెళ్ళెలా చేస్తాం?" అని తండ్రి లేచి వెళ్ళిపోయాడు. జబ్బు కంటిలోపల ఉండగా సరైన వైద్యం అందితే 100కి 95 మందికి పైగా బతుకుతారు. కంటినరం వెంట మెదడుకు చేరాక చేయగలిగింది చాలా తక్కువ. ఈ లెక్కలు ఆయనకు ఎక్కలేదు. నాలుగో రోజు నాయనమ్మగారే కొడుకును వెంటబెట్టుకొచ్చారు. "పిల్లంటూ ఉంటే కదరా పెళ్ళి" అన్నారావిడ.

ఆపరేషన్ అయింది. కోసిన నరం చివర జబ్బు లేదని రిపోర్టు వచ్చింది. ఆరు వారాలకు కృత్రిమ కన్ను అమర్చారు.

ఆ పాపే 2021లో గర్భవతిగా మా ఇంటికి వచ్చి, "డాక్టరుగారూ, నా బిడ్డకూ వస్తుందా?" అని అడిగింది. 1971లో నడ్సన్ అనే అమెరికన్ వైద్యుడు 48 మంది రోగుల వివరాలు లెక్కగట్టి, ఈ జబ్బు రావడానికి రెండు దెబ్బలు తగలాలన్నాడు. మొదటి దెబ్బ పుట్టుకతోనే ఉంటే అది పిల్లలకు సగానికి సగం సంక్రమించవచ్చు. రెండు కళ్ళకూ వచ్చినవారిలో అది ఉన్నట్టే లెక్క. ఒక కంటికి వచ్చినవారిలో 100కి 15 మందికి ఉంటుంది. రక్తపరీక్షలో ఆమెకు ఆ లోపం కనబడలేదు. అయినా బిడ్డ పుట్టాక కళ్ళు చూపించమన్నాను, చూపించింది. బాగున్నాయి.

ఇప్పుడు లేజర్, అతిశీతల చికిత్స, రక్తనాళం గుండా కంటికే మందు పంపడం వంటివి వచ్చాయి. గడ్డ చిన్నదిగా ఉండగా తెస్తే చాలా కళ్ళు దక్కుతున్నాయి.

మనవల ఫోటోలు తెచ్చినవారు టీ తరవాత నాకు చూపించండి. తెల్లగా మెరిస్తే క్యాన్సరేనని బెంబేలు పడకండి. పుట్టుకతో వచ్చే శుక్లమూ అలాగే కనబడుతుంది. అయితే దానికీ ఆలస్యం పనికిరాదు, వారాలలోనే ఆపరేషన్ కావలసి రావచ్చు.