పెరటిలో దూరదర్శిని

మార్గశిర మాసపు అమావాస్య రాత్రి. దుమ్ముగూడెంలో గోదావరి ఆనకట్టకు చేరువగా, ఒక మిత్రుని పెరటిలో కూర్చున్నాము. ఎదుట ఎనిమిది అంగుళాల అద్దము గల దూరదర్శిని. తలపైన దీపాల వెలుగు సోకని ఆకాశము. గృహస్థు మమ్ములను వెంటనే దాని దగ్గరకు పోనీయలేదు. “అరగంట చీకటిలో కూర్చోండి. కన్ను తేటపడవలె, అద్దము చల్లబడవలె” అన్నారు.

సగము విద్య ఆ అరగంటలోనే ఉన్నదని తరువాత తెలిసినది. చీకటికి అలవాటుపడిన కంటిపాప ఏడు మిల్లీమీటర్లకు మించి విచ్చుకొనుట అరుదు. ఎనిమిది అంగుళాల అద్దము దానికన్న సుమారు 800 రెట్లు వెలుగును పోగుచేస్తుంది. వస్తువును పెద్దది చేసి చూపుటకన్న, మసక వెలుగును ఒడిసిపట్టుటలోనే పెద్ద దూరదర్శిని ఘనత ఉన్నది. గొల్లకావడి చుక్కలకు దక్షిణముగా మామూలు కంటికి మసకగా తోచే బిందువు, అందులో రెక్కలు చాచిన మేఘమై కనిపించినది. నక్షత్రాలు పుట్టే చోటు అది. ఆ వెలుగు బయలుదేరి సుమారు 1,300 ఏండ్లయినది.

ఇంటిలో దూరదర్శిని నిలుపుకొనుట మనవారికి క్రొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840 దరిదాపులలో డాబాగార్డెన్సులోని తమ ఇంట వేధశాల నెలకొల్పినారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా సాగినప్పుడు, వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు అక్కడ పరిశీలించినారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, 1901లో నిజామియా వేధశాలకు నాంది పలికినారు. వారి మరణానంతరము ప్రభుత్వము దానిని స్వీకరించినది. ఒకరి ముచ్చట పదిమంది విద్య అయినది.

నేడు డాబాగార్డెన్సు నగరము నడుమ ఉన్నది. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి 48 అంగుళాల దూరదర్శిని వెలసినది హైదరాబాదులో కాదు, ఊరికి దూరముగా రంగాపూర్‌లో. అద్దము ఎంత పెద్దదైనను, చుక్కల వెలుగుతోపాటు దీపాల కాంతిని కూడ పోగుచేయక తప్పదు. ధనముతో అద్దము కొనవచ్చును, చీకటిని కొనలేము.

ఆ రాత్రి మేమింకా చూస్తూండగానే ఎదురింటి గుమ్మముపై తెల్లని దీపము వెలిగినది. మేఘపు రెక్కలు మాసిపోయినవి. గృహస్థు విసుగుకొనలేదు; ఆ ఇంటి ముసలమ్మను పిలిచి చూపినారు. “ఏముంది నాయనా, పొగలాగున్నది” అన్నదామె. సంగతి చెప్పగా తానే వెళ్ళి దీపమార్పి వచ్చి, కొంతసేపు కూర్చుని మరల చూచినది. చాలసేపు కన్ను తీయలేదు.

“ఇదెప్పుడూ ఇక్కడనే ఉన్నదా?” అని అడిగినది.

శ్రోతలలో దూరదర్శిని గలవారు కొద్దిమందే. గుమ్మముముందు దీపము లేనివారు అరుదు. ఆ దీపమునకు ఒక రేకుమూత అమర్చి వెలుగును నేలకు మళ్ళించినచో, దారీ కనిపిస్తుంది, చుక్కలూ మిగులుతాయి.