కీళ్లవాతము - వంటింటికి సెలవు లేదు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఖుర్దారోడ్డులో ఏటేటా మనము ఉగాది పచ్చడి పంచుకొంటూనే ఉన్నాము. ఈసారి మా యింట మామిడికాయ తరిగినది మేము. వంకరగా వచ్చినవి, క్షమించండి.

రెండవ కాన్పయిన మూడు నెలలకు మా యింటామెకు తెల్లవారి వ్రేళ్లు ముడుచుకొనేవి కావు. గంట గడిస్తేనే గాని డబ్బా మూత రాదు. "బాలింత నొప్పులే" అన్నాము. ఏడాదిపాటు అన్నాము! అదే మా అన్నగారికి నడుము పట్టివేస్తే వారము తిరగకుండా డాక్టరు వద్దకు తీసుకొనిపోయినదీ మేమే, సెలవు చీటీ వ్రాసినదీ మేమే.

రుమటాయిడ్ కీళ్లవాతము మగవారికంటే ఆడవారికి రెండు మూడు రెట్లు అధికము. గర్భిణిగా ఉన్నప్పుడు పలువురికి తగ్గి, కాన్పు తరువాత విజృంభిస్తుంది. కొందరికి మొదలయ్యేదే అప్పుడు. అన్నగారిది వెన్నును పట్టే వేరొక వాతము. దానిని చిరకాలము మగవారి జబ్బనే తలచారు. ఎక్స్‌రేలో ఆడవారి ఎముకల మార్పు తక్కువగా కనబడుతుంది గనుక, వారి నొప్పికి పేరు పెట్టడము నేటికీ ఆలస్యమే.

మా యింటామెకు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ప్రాణాపాయము. గర్భము తలపెడితే ముందుగానే డాక్టరుతో చెప్పి మానవలెను. నొప్పి తగ్గినది. వంకర తిరిగిన రెండు వ్రేళ్లు మాత్రము మందుతో తిన్నబడవట.

తెల్లవారి చేతులు పట్టుకొనిపోయే తల్లులు ఈ సభలో ఉంటే, ఆమె వెనుక వరుసలోనే కూర్చున్నది, మాట్లాడవచ్చును.