కప్పతల్లి, విమానము, వాన

కుందుర్పి వంటి మెట్టసీమలో వానను మించిన మాట లేదు. పడమటి కనుమలకు ఈవలి వైపున, కర్ణాటక సరిహద్దుకు చేరువగా నున్న చోటది. నైరృతి మేఘము తన నీటిలో చాలభాగము కనుమల కావలనే వదలి వచ్చును. ఈశాన్యపు వాన తూర్పు సముద్రమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. 2022లో విడిపోవుటకు పూర్వము అనంతపురము జిల్లాకు ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు.

శ్రోతలారా, ఇట్టి సీమలో వాన కురిపింతు మనువారికి కొదువ యుండదు. ఆషాఢ శ్రావణములలో చినుకు రాలనిచో కప్పను రోకలికి గట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లు త్రిప్పుదురు. ఇల్లాండ్రు బిందెలతో నీరు పోయుదురు. పెద్దలు విరాటపర్వము చదివింతురు. కొన్ని దినములకు వాన పడును. "చూచితిరా!" అందురు.

చూచితిమి. మాకు కనబడినది క్యాలెండరు. ఈ జిల్లాలో మిక్కిలి వాన కురియు నెల సెప్టెంబరు. కప్పను త్రిప్పునది జూలై, ఆగస్టులలో. అదియు మబ్బు మొగము చూడక నెల గడచిన పిమ్మట. ఎద్దడి పరాకాష్ఠ నందుకొన్న తరువాత ఏమి చేసినను, చేయకున్నను, రాబోవు దినములు కొంత మెరుగుగా నుండుట సహజము. జ్వరము మిక్కుటమైననాడు మాత్ర మ్రింగి, మరునాడు తగ్గినచో యశమంతయు మాత్రకే కట్టబెట్టుట వంటి దిది. పైగా వాన రాని యేటి కప్పను ఎవరును తలపెట్టరు. వచ్చిన యేడు పదిమంది చెప్పుకొందురు. లెక్క ఇచ్చటనే చెడును.

కప్పను చూచి నవ్వుట సులభము. ఈ శతాబ్దపు తొలి దశకములో మన రాష్ట్ర ప్రభుత్వము 'మేఘమథనము' పేర విమానములను పంపినప్పుడు అదే తర్కము కోటు తొడిగికొని వచ్చెను. విమానము పోయినది, వాన పడినది. కనుక విమానమే కురిపించినది!

విమానము వెనుకనున్న శాస్త్రము మాత్రము కల్ల కాదు. 1946లో అమెరికాలో విన్సెంట్ షేఫర్ మేఘముపై ఘనీభవించిన కార్బన్ డయాక్సైడు చల్లి మంచుకణములను పుట్టించెను. మంచు స్ఫటికమును పోలిన సిల్వర్ అయొడైడును బెర్నార్డ్ వానెగట్ వెదకి పట్టెను. అయితే లేని మేఘమును ఏ విమానమును సృష్టింపజాలదు. ఉన్న మేఘమువద్దకే అది పోవలెను. మేఘమున్ననాడు ఏమియు చల్లకున్నను వాన పడవచ్చును గదా!

మరి తేల్చుట ఎట్లు? చీట్లు వేయవలెను. తగిన మేఘము కనబడినప్పుడెల్ల చల్లుటయో, మానుటయో చీటి నిర్ణయింపవలెను. పిదప రెండు తెగల వానను పోల్చవలెను. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు 2018, 2019లలో షోలాపూరు ప్రాంతమున 276 మేఘములతో ఇట్టి పరీక్ష జరిపిరి. అదియు కనుమల చాటు సీమయే. చల్లిన మేఘములకు గాలివాలున, 100 చదరపు కిలోమీటర్ల మేర, సగటున 18 శాతము అధికముగా కురిసెనని తేల్చిరి. అనగా పది మిల్లీమీటర్లు పడవలసినచోట పండ్రెండుకు కొంచెము లోపు. వేరుసెనగకు అదియు మేలే. అప్పు తెచ్చి కొన్న విత్తనమును విమానపు మ్రోత విని నేల వేయుటకు మాత్రము చాలదు.

కప్పతల్లికి గూడ చీట్లు వేసి చూడవచ్చును. ఒక ఊరికి కప్ప, ప్రక్క ఊరికి లేదు. కప్ప వలదను చీటి వచ్చిన ఊరివారిని ఒప్పించు పని మాత్రము మేము పెట్టుకొనము.