మన సీమలో సభలు, తీర్థాలు



మహానగరాలలో సంగీత సభల సమాచారమంతా దినపత్రికలో ఒక మూల వరుసగా అచ్చవుతూ ఉంటుంది. ఏ సాయంకాలం ఏ మందిరంలో ఎవరి కచేరీ జరుగుతుందో, ఏ సంఘంవారు ఎచ్చట సమావేశమవుతారో ఆ మూల చూస్తే తెలిసిపోతుంది. మన గోదావరి డెల్టాలో అటువంటి మహానగరం లేదు. రాజమహేంద్రవరం ఉన్నది, కాకినాడ ఉన్నది. అమలాపురం, భీమవరం, పాలకొల్లు, నరసాపురం, తణుకు ఉన్నవి. వీటిలో ఏ రెంటి నడుమ దూరమైనా ఒక పూట ప్రయాణాన్ని మించదు. అన్నిటినీ కలిపి చూస్తే, కాలువలే వీథులుగా పరచుకొన్న ఒక పెద్ద పట్టణమని చెప్పవచ్చును. ఆ పట్టణానికి పత్రిక పంచాంగమే. ఇక్కడ ఉత్సవాలు తేదీలతో గాక తిథులతో జ్ఞాపకముంటవి. రానున్న ఉత్సవాలను ఆ క్రమంలోనే మనవి చేసి, వాటి విషయంలో రేడియో శ్రోతలకు గల బాధ్యతను గురించి రెండు మాటలు చెప్పదలచినాను.

మొదట పేర్కొనవలసినవి శరన్నవరాత్రులు. సార్వా నాట్లు ముగిసి, కలుపులు తీసి, చేను పొట్టకు వచ్చే దినాలవి. రైతుకు కాస్త తీరిక చిక్కుతుంది. రాజమహేంద్రవరంలో దేవీచౌకు ఉత్సవాలు అనేక దశాబ్దాలుగా ఈ రోజులలోనే జరుగుతున్నవి. పూజలు ఎంత ప్రధానమో, రాత్రివేళ ప్రదర్శించే పౌరాణిక నాటకాలూ అక్కడి జనానికి అంత ప్రధానం. అందులో వింత లేదు. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచే 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించిన ఊరు అది. పది సంవత్సరాల తరువాత వారే అక్కడ టౌన్ హాలు కట్టించినారు. పదిమంది ఒకచోట కూర్చుండి వినడానికీ, వాదించుకొనడానికీ ఒక కప్పు కావలెనని ఆయన ఆనాడే గ్రహించినారు. ఇక కాకినాడలో శ్రీ సరస్వతీ గానసభ ఇరవయ్యవ శతాబ్ది తొలి యేండ్లలో పుట్టిన సంస్థ. దక్షిణదేశపు విద్వాంసులు ఎందరో ఆ వేదికపై పాడినారు.

పంట ఇంటికి వచ్చిన పిమ్మట సంక్రాంతి. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. ఆ తోటలో గుడి లేదు, ఉన్నవి కొబ్బరిచెట్లే. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి గ్రామాలనుండి పదకొండుమంది రుద్రులు ప్రభలపై ఆ తోటకు వస్తారు. వెదురుతో కట్టి, రంగుల వస్త్రాలతో అలంకరించిన ప్రభలను యువకులు భుజాలకెత్తుకొంటారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశికను దాటే ఘట్టం చూడదగినది. మొల లోతు నీటిలో దిగినవారు తమ అడుగును గాక, ప్రక్కవాని అడుగును గమనించి నడువవలెను. ఒక్కడు తొందరపడితే ప్రభ ఒరుగుతుంది. 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటానికి ఈ తీర్థాన్నే ఇతివృత్తంగా తీసుకొన్నారు.

జగ్గన్నతోటలో కలిసేది దేవతలు మాత్రమే కాదు. పై ఊళ్ళలో ఉద్యోగాలు చేసే కొడుకులు, అత్తవారింటినుండి వచ్చిన ఆడపడుచులు, ఏడాదిగా మాటలు లేని దాయాదులు అక్కడ ఎదురుపడుతారు. ఒక పెండ్లి సంబంధం ప్రస్తావనకు వస్తుంది. ఒక కౌలు మాట తేలుతుంది. పరిచయాలు పెంచుకొనడానికి నగరాలలో నేడు ప్రత్యేకంగా సమావేశాలు ఏర్పాటు చేసుకొంటున్నారు. మనకు ఆ పనిని తీర్థం ఎప్పటినుండో చేసిపెడుతున్నది.

సంక్రాంతికి కొంచెం అటో ఇటో వచ్చేది పుష్య బహుళ పంచమి. 1847లో త్యాగరాజస్వామి తిరువయ్యారులో సిద్ధిపొందిన తిథి అది. ఆ సంవత్సరమే ధవళేశ్వరంవద్ద కాటన్ దొర ఆనకట్ట పని మొదలయినది, 1852లో ముగిసినది. ఆ నీటితో పండిన ధాన్యమే తరువాతి కాలంలో ఈ సీమలో గానసభలను పోషించినదంటే అతిశయోక్తి కాదు. ఆరాధన దినాలలో ఉదయం ఘనరాగ పంచరత్నాలను అందరూ కలిసి పాడుతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని ఆ ఐదు కృతులకు పెద్ద విద్వాంసుడూ, నిన్న సరళీస్వరాలు దాటిన పిల్లవాడూ ఒకే చాపమీద కూర్చుంటారు.

ఆ పిల్లవానిని గురించే నేను ముఖ్యంగా చెప్పదలచినది. కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు తమ ఎనిమిదవయేట విజయవాడలో త్యాగరాజ ఆరాధన సభలో తొలి కచేరీ చేసినారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాలలోనే మొదటిసారిగా సభవారి ఎదుట వాయించినారు. ఇద్దరూ గోదావరి బిడ్డలే. ఇద్దరూ పదేండ్లు నిండని బాలురే. ఆనాడు ఆ పందిళ్ళలో కూర్చున్నవారికి తాము వింటున్నది ఎవరినో తెలియదు. అయినా కూర్చున్నారు, విన్నారు, తల ఊపినారు. ప్రపంచం వారిని గుర్తించడానికి ముందు ఒక చిన్న పట్టణం గుర్తించినది.

నేడు మన సభలలో స్థితి వేరుగా ఉన్నది. సాయంకాలం పేరుపొందిన గాయకుడు పాడునప్పుడు కుర్చీలు చాలవు. మధ్యాహ్నం బాలబాలికలు పాడునప్పుడు పందిట్లో ఉండేది వారి తల్లిదండ్రులు, గురువు, మైకు చూచే మనిషి. పాట ముగించి దిగిన పిల్లతోపాటు ఆమె బంధువులూ లేచి వెళ్ళిపోతారు. తరువాత ఎక్కిన పిల్లవాడు ఖాళీ కుర్చీలకు పాడుతాడు. రెండు మూడేండ్లు ఇట్లా జరిగినమీదట అతడు తంబురా మూలపెట్టి, పరీక్షల పుస్తకాలు పట్టుకొంటే ఎవరిని నిందించగలం?

ఇందులో రేడియోకు కూడా కొంత పాలు కలదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయిన నాటినుండి మంచి సంగీతం ఇంటి వసారాలోకి వచ్చినది. వృద్ధులకు, రోగులకు, ఇంటిపని వదలి కదలలేని ఇల్లాండ్రకు అది గొప్ప మేలు. కాని మా స్టూడియోలో పాడే విద్వాంసుని ఎదుట ఉండేది మైకు ఒక్కటే. మైకు తల ఊపదు. ఏ సంగతి మనసుకు తాకినదో, ఎచ్చట పాట పలుచనయినదో అది చెప్పలేదు. ఆ విద్యను గాయకునికి గురువు సగం నేర్పుతాడు, సభ సగం నేర్పుతుంది. ఇంట్లో కూర్చుండి వినేవాడు సంగీతాన్ని పుచ్చుకొనగలడు. తిరిగి ఇవ్వడం పందిట్లో కూర్చున్నవానికే సాధ్యం.

పుష్యం వెళ్ళగానే మాఘం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం శుద్ధ దశమి రాత్రి, భీష్మైకాదశినాడు రథోత్సవం. చైత్రంలో శ్రీరామనవమి పందిళ్ళు ఊరూరా ఉండనే ఉంటవి.

వీటన్నిటికంటె పెద్ద కలయిక 2027లో రానున్న గోదావరి పుష్కరం. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించే పన్నెండు రోజులు. 2015 జూలై 14న, గత పుష్కరాల మొదటి ఉదయాన, రాజమహేంద్రవరంలో ఒకే రేవువద్ద ఏర్పడిన తొక్కిసలాటలో ఇరవై ఏడుమంది ప్రాణాలు పోయినవి. ఆ పన్నెండు దినాలలో ఏ దినమైనా, ఏ రేవైనా గోదావరి ఒక్కటే. జనం చేరవలసినచోట చేరడం ఎంత అవసరమో, ఒకేచోట విరుచుకుపడకుండా ఉండడం అంత అవసరం. కౌశికను దాటే ప్రభల క్రింది యువకులు మనకు చూపే పాఠం అదే.

కనుక ఒక విన్నపం. ఈ ఉత్సవకాలంలో మీ దగ్గరి సభకు ఒక్క మధ్యాహ్నం వెళ్ళండి. పెద్ద పేరు కోసం గాక, పేరు లేని పిల్లల కోసం వెళ్ళండి. ఒక పాటతో లేవకుండా, ఆ పూట మంగళం పాడేవరకు కూర్చోండి. మీ పిల్లలనూ వెంట తీసుకొనిపోండి. చందా పుస్తకం పట్టుకొని కార్యదర్శి ఇంటికి వచ్చినప్పుడు, మీకు తోచినది వ్రాసి, తప్పక వస్తామని కూడా చెప్పండి. ఆయనకు మొదటిదానికంటె రెండవదే ఎక్కువ సంతోషం కలిగిస్తుంది.

ఆ పూట మా ప్రసారం వినేవారు కొందరు తగ్గితే తగ్గవచ్చును. అందుకు మేమేమీ చింతించము. రేపు మా స్టూడియోలో పాడవలసినవారు ఆ పందిట్లోనే పెరుగుతున్నారు.