రామేశ్వర యాత్రలో చెన్నపట్టణమున ఒక పగలు



మన ప్రాంతములనుండి రామేశ్వరమునకు పోవువారిలో చాలమందికి చెన్నపట్టణమున ఒక పగలు నిలువవలసివచ్చును. ఉదయమున మన బండి దిగుదురు, సాయంకాలమున దక్షిణపు బండి ఎక్కుదురు. నడుమ పది గంటల కాలము చేతిలో మిగులును. ఆ కాలమును ఏమి చేసికొనవలెనన్నది నేటి నా ప్రసంగవిషయము. 2025 ఏప్రిలు నెలలో పాంబను కడ క్రొత్త వంతెన తెరువబడిన పిమ్మట రైలు మరల రామేశ్వరము వరకు పోవుచున్నది గనుక, ఈ సంగతి మీలో కొందరికైనను అక్కరకు వచ్చునని తలంచుచున్నాను.

నేను చూచినంతవరకు మనవారు ఆ పగటిని రెండు విధములుగా పోగొట్టుకొనుచున్నారు. కొందరు స్టేషనులోనే మూటలు చుట్టును పెట్టుకొని, ఒకరు నిద్రించుచుండగా ఒకరు కావలికాయుచు సాయంకాలము చేయుదురు. మరి కొందరు స్టేషను వాకిట నిలిచిన వ్యానువాని మాట నమ్మి, పదునాలుగు స్థలములు ఒక్క పూటలో చూచుటకు బయలుదేరుదురు. వీరు సముద్రమును కిటికీలోనుండియు, కోటను గోడ వెలుపలనుండియు చూచి, ఒక పట్టుచీరల దుకాణమును మాత్రము లోపలికి పోయి తీరికగా చూచి, కాళ్లు వాచి తిరిగివత్తురు. మొదటివారికి అలసట లేదు, రెండవవారికి అలసట తప్ప వేరొకటి లేదు.

లెక్క చూచుకొందము. పది గంటలలో స్నానమునకు, ఫలహారమునకు, భోజనమునకు మూడు గంటలు తీసివేయుడు. బండికి ఒక గంట ముందుగా స్టేషను చేరవలెను. మిగిలినవి ఆరు గంటలు. అరువదియేండ్లు దాటిన శరీరమునకు ఆరు గంటలలో రెండు స్థలములు చాలును. ఒకటి దేవాలయము, ఒకటి నీడపట్టున చూడదగినది. ఇంతకు మించి ఆశపడవలదు. సముద్రము చూడవలెనని పిల్లలు తొందరపెట్టుదురు. మరునాటి ఉదయమున రామేశ్వరములో సముద్రస్నానమే చేయబోవుచుండగా, దానికొరకు చెన్నపట్టణపు ఎండలో ఇసుక త్రొక్కనేల?

ముందుగా సామాను సంగతి. మన బండ్లలో చాల భాగము సెంట్రల్ స్టేషనులో నిలుచును. కొన్ని ఎగ్మోరు మీదుగా తాంబరమునకు పోవును. రామేశ్వరపు బండ్లు ఎగ్మోరునుండి గాని తాంబరమునుండి గాని బయలుదేరును. మీ టికెట్టుమీద ఏది వ్రాసియున్నదో ఇంటికడనే చదివించుకొనుడు. ఎగ్మోరును తమిళులు ఎళుంబూరు అందురు. పేరు రెండైనను చోటు ఒక్కటే. సెంట్రలునుండి అది రెండు కిలోమీటర్ల దూరము. భూమి క్రింద పోవు మెట్రో బండిలో మరుసటి స్టేషనే ఎగ్మోరు. దిగుటకును ఎక్కుటకును లిఫ్టులు కలవు గనుక మోకాళ్ల నొప్పులవారు భయపడ నక్కరలేదు. దిగిన స్టేషనులో సామాను ఉంచుట కంటె, ఎక్కబోవు స్టేషనులోని సామాను గదిలో ఉంచుట మేలు. సాయంకాలము మరల వెనుకకు పరుగెత్తు పని తప్పును. తాళము లేని సంచిని ఆ గదిలో పుచ్చుకొనరు. గోనెసంచులు, గుడ్డమూటలు తెచ్చి అక్కడ వాదులాడుట మనవారికి అలవాటు. మందులు, కండ్లద్దములు, టికెట్టు, ఆధారుకార్డు మాత్రము చేతిసంచిలో ఉంచుకొనుడు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. సామాను గదికి ఇచ్చు కొలది రూప్యములు దండుగయని తలంచి, మూటలకడ ఇంటి ఆడువారిని కూర్చుండబెట్టి మగవారు ఊరు చూడబోవుట నేను పలుమారులు చూచితిని. డెబ్బదియేండ్ల ముసలమ్మ జీవితములో ఒక్కమారు చెన్నపట్టణము వచ్చి, స్టేషను పైకప్పును మాత్రము చూచి పోవుట న్యాయమా? ఆ రూప్యములను మిగిల్చి రామేశ్వరములో ఏ దానము చేసినను ఈ లోటు తీరునని నాకు తోచదు.

రెండవ సంగతి వేళ. చెన్నపట్టణపు పెద్ద దేవాలయములు మధ్యాహ్నము మూసి, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున మరల తెరచుట వాడుక. కావున దేవాలయము ఉదయమున, నీడపట్టు మధ్యాహ్నమున అని పెట్టుకొనవలెను. ఉదయమున తిరువళ్లిక్కేణి పార్థసారథి స్వామిని సేవింపుడు. ఆళ్వారులు కీర్తించిన నూటయెనిమిది దివ్యక్షేత్రములలో అది యొకటి. పల్లవరాజైన దంతివర్మ కాలపు శాసనము అచ్చట కలదు. మూలవిరాట్టుకు మీసములుండుట, ఉత్సవమూర్తి ముఖముమీద భీష్ముని బాణముల గాయములు కానవచ్చుట చూచి మన ఆడువారు ఆశ్చర్యపడుదురు. భారతము విన్నవారికి ఆ ముఖమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

పదకొండు గంటలకు ఎగ్మోరు చేరి, సాంబారన్నమో పెరుగన్నమో తిని, కొంత విశ్రమించి, పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియమునకు పొండు. స్టేషనుకు ఒక కిలోమీటరు ప్రాంతముననే యున్నది. 1851లో స్థాపింపబడినది. దానిలో శాలలు అనేకములు కలవు. అన్నియు చూడబోకుడు. అమరావతి శిల్పములున్న శాల ఎక్కడయని అడిగి తిన్నగా అచ్చటికే పొండు.

ఏల అందురా? అవి మన రాళ్లు. కృష్ణ యొడ్డున, గుంటూరు సీమలో, అమరేశ్వరుని గుడికి చేరువ నొక మహాస్తూపము రెండువేల యేండ్లనాడు వెలసి, అయిదారు వందల యేండ్లపాటు పెరుగుచు వచ్చినది. తరువాత అది మరుపుపడి మట్టిదిబ్బయైనది. పదునెనిమిదవ శతాబ్ది తుదిని వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి తమ నివాసమును అమరావతికి మార్చి, పట్టణము కట్టించునపుడు, ఆ దిబ్బను రాళ్లకై త్రవ్వించిరి. కొన్ని రాళ్లు గోడలలో చేరినవి, కొన్ని సున్నమునకై కాల్పబడినవి. 1797లో మెకంజీ దొర ఆ స్థలమును చూచెను. 1845లో ఎలియట్ దొర త్రవ్వించిన రాళ్లు చెన్నపట్టణము చేరి, వానిలో చాల భాగము 1859లో ఓడలమీద లండను నగరమునకు పోయినవి. అవి నేటికిని బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి. చెన్నపట్టణమున నిలిచినవానికి తరువాతి త్రవ్వకములలో దొరకినవి తోడైనవి. మనమిప్పుడు చూచునవి ఇవియే.

శాలలో అడుగిడిన వెంటనే అన్నిటిని చదువ యత్నింపక, ఒకటి రెండు రాళ్లముందు నిలువుడు. పాత రాళ్లలో బుద్ధుని మూర్తి కానరాదు. శూన్యమైన ఆసనము, దానిముందు పాదముల గురుతులు, చుట్టును చేతులు మోడ్చిన జనము. అచ్చట బుద్ధుడున్నాడని మనమే గ్రహింపవలెను. తరువాతి కాలపు రాళ్లలో ఆయన మూర్తి వచ్చినది. గుండ్రని ఫలకమొకటి కలదు. మదించిన నాళాగిరి యను ఏనుగు వీధిలో పడి ఒక మనుష్యుని తొండమున పట్టినది. జనులు చెదరిపోవుచున్నారు. మేడ గవాక్షములనుండి వంగి చూచువారున్నారు. అదే ఫలకములో మరియొక ప్రక్కను అదే ఏనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. ఒక్క అరచేతివలె చిన్నదైన తావులో ఒక్కొక్క ముఖమునకు వేరువేరు భయము చెక్కిరి.

ఇటీవల మా గ్రామమువారు పదునొకండుగురితో నేనచ్చటికి పోయితిని. వారిలో ఒక వృద్ధుడు, కృష్ణ యొడ్డు రైతు, నాకు వరుసకు మామ. వాకిటనే ఆయన, "రాళ్లు చూడటానికి ఇంత దూరం రావాలా అబ్బాయీ, మా పొలంలో లేవా?" అనెను. లోపల ఆ ఏనుగు ఫలకముకడ ఆయన చాలసేపు నిలిచెను. తరువాత నన్ను పిలిచి, "ఈ రాళ్లకు డబ్బు ఎవరిచ్చారు? రాజులేనా?" అని అడిగెను. రాజులే కాదు. ఆ రాళ్లమీది ప్రాకృత శాసనములలో దాతల పేర్లు కలవు. గృహస్థులు, వర్తకులు, భిక్షుకులు, భిక్షుణులు, స్త్రీలు దానమిచ్చిరి. విధికుడను తోలుపనివాడు తనవారితో కూడి ఒక పూర్ణఘటపు ఫలకమును ఇచ్చినట్లు ఒక శాసనము చెప్పుచున్నది. ఇది చెప్పగానే మా మామ, "అయితే చందాలతో కట్టిన గుడన్నమాట" అనెను. ఆయన మా ఊరి రామాలయమునకు ముప్పదియేండ్లు చందాల లెక్కలు వ్రాసినవాడు.

ఆయన వెంట వచ్చిన అత్తగారు అంతవరకు పలుకక, రాతిలోని యొక స్త్రీ కాళ్ల కడియములను వ్రేలితో చూపి, "మా అమ్మమ్మకు ఇటువంటివే ఉండేవి" అనిరి. రాతిని తాకరాదని కావలివాడు కసరకముందే చేయి వెనుకకు తీసికొనిరి. ఆవిడ ఆ మాట రామేశ్వరము వరకు మూడు నాలుగుసార్లు అనిరి.

భాష సంగతి కూడ ఒకటి కలదు. అమరావతి రాళ్లలో ఒకదానిమీదనున్న "నాగబు" అను మాటను తెలుగునకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యముగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చూపిరి. మనము మాటలాడు భాషకు వేరు ఇట్టి రాతిమీద దొరకినదని పిల్లలకు అచ్చటనే చెప్పుడు. బడిలో చెప్పిన దానికంటె బాగుగ పట్టును.

ఓపిక మిగిలినచో కంచు విగ్రహముల శాలకు పోయి తిరువాలంగాటి నటరాజమూర్తిని చూడుడు. ఓపిక లేనిచో చెట్లక్రింద కూర్చుండుడు. నడుమ కాఫీ త్రాగుటకు వెనుదీయవలదు. తెలుగు మాటలాడుటకును బెదరవలదు. ఆ నగరమున మన మాట తెలిసినవారు ప్రతి వీధిలోను ఉన్నారు.

నాలుగు గంటలకు లేచుట మంచిది. మీ బండి తాంబరమునుండి బయలుదేరునదైనచో, ఎగ్మోరునుండి అచ్చటికి లోకలు బండిలో దాదాపు గంట ప్రయాణము. మూడు గంటలకే మ్యూజియము విడిచి, సామాను తీసికొని పోవలెను.

మరియొకటి. ఆ మ్యూజియము శుక్రవారము నాడును, జాతీయ సెలవు దినములలోను మూసియుండును. ఒక్కొక్కప్పుడు ఏదో యొక శాల మరమ్మతులో ఉండుటయు కలదు గనుక, టికెట్టు కొనకముందే అమరావతి శాల తెరచియున్నదా యని వాకిట అడుగుడు. శుక్రవారము చెన్నపట్టణము చేరునట్లు ప్రయాణము పెట్టుకొన్నవారు, వీలున్నచో ఒక దినము ముందుకో వెనుకకో జరుపుకొనుడు. రైలు టికెట్టు రెండు నెలల ముందునుండి దొరకును గనుక ఇంటికడ పంచాంగము చూచునపుడే ఈ వారమును కూడ చూచుకొనవచ్చును.